మోటారుసైకిలు తొడుగును పొగగొట్టపు వేడినుండి కాపాడుకొనుట

క్రొత్తగా బండి కొన్నవారు కాణిపాకమునకు వచ్చి వరసిద్ధి వినాయకస్వామి సన్నిధిని పూజ చేయించుకొనిపోవుట ఈ సీమలో నందరెరిగిన యాచారమే. చిత్తూరు, తిరుపతి, పలమనేరు మొదలగు చోటులనుండియే గాక, ఎల్లలు దాటి తమిళనాటినుండియు కన్నడసీమనుండియు బండ్లు వచ్చుచుండును. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదురు. హ్యాండిలుకు పూలదండ వేలాడదీయుదురు. పసుపుకుంకుమలు పూసి కర్పూరము వెలిగింతురు. బడిలో ముప్పదియైదేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న నాకు సాయంకాలములందు ఈ బండ్లను జూచుట యొక కాలక్షేపమైనది. నేను చూచుచుండగనే వాని రూపు మారిపోయినది. నా చిన్ననాటి మోటారుసైకిలు ఎముకలగూడువంటిది. ఇంజను, గొట్టము, గొలుసు అన్నియు బయటికే కనబడుచుండెడివి. నేటి కుర్రవాండ్రు కోరు బండ్లు అట్లు గావు. అవి చొక్కా తొడిగికొన్నవి.

ఆ చొక్కాను గూర్చియు, అది కాలిపోకుండ కాపాడుకొను విధమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది పెద్దలు వినదగిన విషయమా యని మీలో కొందరనుకొనవచ్చును. బండి తోలువాడు కుర్రవాడే యగుగాక! దానికి సొమ్మిచ్చినవారు మీరు. దాని వెనుక గూర్చుండువారు మీరు. రాత్రివేళ అది నిలుచునది మీ గడ్డివామి ప్రక్కను. అదియును గాక, ఈ విషయమున నేను స్వయముగా తప్పుచేసి నేర్చుకొన్నవాడను. ప్రమాణములకు పేరుపడిన క్షేత్రమున నివసించుచు ఆ తప్పును దాచుట నాకు చేతగాదు.

ఈ తొడుగును ఫెయిరింగందురు. గాలిని సుఖముగా చీల్చుకొనిపోవుటకును, తోలువాని రొమ్మునకు గాలిదెబ్బ తగులకుండుటకును దీనిని గల్పించిరి. మొదట పందెపు బండ్లకు అమర్చి, పిమ్మట వీధిబండ్లకు దెచ్చిరి. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు 1976లో వెలువరించిన ఆర్ 100 ఆర్‌ఎస్ అను బండి తొడుగును గాలిసొరంగములో పరీక్షించి రూపొందించిరట. మన దేశమున 2003లో వచ్చిన హీరోహోండా కరిజ్మా సగము తొడుగుతోను, 2008లో వచ్చిన యమహా ఆర్15 నిండు తొడుగుతోను పల్లెటూరి కుర్రవాండ్ర కన్నులను గట్టివేసినవి. చూచుటకు లోహమువలె మెరయునే గాని ఈ తొడుగు ప్లాస్టికు. తరచుగా ఏ.బి.ఎస్. అను జాతి, లేదా పి.పి. అను జాతి. తొడుగును విప్పి లోపలివైపు చూచినచో ఈ యక్షరములు అచ్చువోసి యుండుట కద్దు. ఏ.బి.ఎస్. సుమారు 100 డిగ్రీలయొద్ద, అనగా ఎసరు కాగు వేడిలోనే, మెత్తబడును. స్క్రూ బిగించి లాగుచున్నచోట అంతకు దక్కువ వేడికే లొంగును. పి.పి. 160 డిగ్రీల చేరువను కరగును. ఇంజనునుండి వెలువడు పొగయో, బండి బరువుతో మిట్ట నెక్కునప్పుడు 600 డిగ్రీలకు మించును. ఇంజను తలకు దగ్గరగా గొట్టపు పైభాగము 300, 400 డిగ్రీల వరకు గాగును. అట్టి గొట్టమునకును ఇట్టి ప్లాస్టికునకును నడుమ పెక్కుబండ్లలో బెత్తెడు దూరమైన నుండదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఇక నా తప్పు చెప్పెదను. మా మనుమడు చిత్తూరిలో ఉద్యోగము చేయుచు, ఒకరు వాడిన తొడుగుబండి నొకదానిని కొనెను. కుడివైపున పొగగొట్టమునకు మీద మూరెడు పొడవున నొక పలుచని లోహపు రేకు బిగించియుండెను. దానిని గార్డందురు. అది వదులై, బండి వచ్చునప్పుడెల్ల గలగలమని మ్రోగుచుండెను. మధ్యాహ్నము భోజనమైన పిమ్మట నేను పుస్తకము చేతబట్టు వేళకే ఆ మ్రోత వినబడును. ఒకనాడు విసుగెత్తి, “ఆ రేకు పీకి పారవేయరా! బండి నడచుటకు చక్రములు కావలెను గాని రేకెందుకు?” అంటిని. వాడు పెద్దలమాట కాదనువాడు గాడు. రేకు విప్పి అటకమీద బెట్టెను. ఇల్లు నిశ్శబ్దమైనది. నాకు మిక్కిలి తృప్తి కలిగెను.

నెలదినములు గడచెను. వాడు చెలికానిని వెనుక నెక్కించుకొని పలమనేరు పోయెను. చిత్తూరునుండి బెంగుళూరు పోవు మార్గమున మొగిలి కనుమ నెక్కవలెను గదా. చెరకులారీ యొకటి ముందు నత్తనడక నడచుచుండగా వీడు దాని వెనుకనే రెండవ గేరులో చాలదూర మీడ్చుకొనిపోయెనట. ఇంటికి వచ్చి చూచుకొనగా తొడుగు క్రిందియంచు, నిప్పులమీద గాల్చిన అప్పడమువలె ముడుచుకొని బొబ్బలెత్తియుండెను. వాని ముఖము చూచుటకు నాకు మనసొప్పలేదు.

తప్పు దిద్దబోయి నేను రెండవ తప్పు చేసితిని. వంటయింట వేడిగిన్నెను మసిగుడ్డ మడతపెట్టి దించుదుము గదా, మడత లెక్కువైనకొలది చేయి చల్లగా నుండును గదా యని తలచి, గోనెపట్టను నాలుగు మడతలు పెట్టి గొట్టమునకును తొడుగునకును నడుమ దూర్పించి తీగతో గట్టించితిని. ఇరాల దాకా పోయి వచ్చుటలోనే పట్ట కమురువాసన కొట్టి పొగలెగసెను. వాడు చప్పున బండి దిగి దానిని లాగి పారవేసెను గాని, లేనిచో పెట్రోలుటాంకీ క్రిందనే మంట రగిలియుండును. ఆ మరునాడు దేవళము ముందటి మైదానమున మా యెనిమిదేండ్ల మనుమరాలు బండి కుడిప్రక్కను దిగబోయి, రేకులేని ఆ వట్టిగొట్టమునకు పిక్క తగిలించుకొనెను. ఆ బిడ్డ కేక నాకు నేటికిని చెవిలో నున్నది. పుస్తకము చదువుకొనుటకు నిశ్శబ్దము కోరినవాడను నేను. కాలు కాల్చుకొన్నది ఆ పసిది.

బిడ్డకు వైద్యము జరిగిన పిమ్మట, సిగ్గు విడిచి నేనే బండితోగూడ చిత్తూరిలో నొక మెకానిక్కునొద్దకు బోతిని. ఆయన చదివినది కొద్ది. పేరు చెప్పుట కాయన యనుమతి నేను గొనలేదు. నా గోనెపట్ట కథ విని ఆయన నవ్వలేదు. “అయ్యోరూ, అడ్డం ఎంత మందంగా ఉండాదని కాదు చూడాల్సింది. గొట్టానికీ దానికీ మధ్య గాలాడతా ఉండాదా లేదా అని చూడాల” అనెను. తర్కశాస్త్రము చదివిన నాకు ఆ మాట మొదట దలకెక్కలేదు. ఇంటికి వచ్చి ఆలోచింపగా మా సీమలోని బెల్లపుపొయ్యి జ్ఞప్తికి వచ్చి అంతయు దేటపడినది.

చెరకు కాలమున మన పొలములలో బెల్లము వండుటను చూడనివారు మీలో నుండరు. అక్కడ వేడి మూడు దారుల వచ్చును. పెనములో నుంచిన ఇనుపగరిటెను చాలసేపు పట్టుకొన్నచో కాడగుండ వేడి ప్రాకి చేయి కాలును. ఇది వస్తువునంటి ప్రాకు వేడి. దీనిని శాస్త్రజ్ఞులు ఉష్ణవహన మందురు. పెనముమీదుగా ఆవిరియు వేడిగాలియు పైకి లేచును. అది గాలి మోసికొనిపోవు వేడి, ఉష్ణసంవహన మందురు. మూడవది యున్నది. పొయ్యినోట పిప్పి యెగదోయువాడు ఎదురుగా గూర్చుండడు, ప్రక్కకు ఒదిగి కూర్చుండును. గాలి వీపువైపునుండి చల్లగా వీచుచున్నను పొయ్యికి ఎదురైన ముఖము చుర్రుమనును. దేనిని అంటకయే, గాలిపై ఆధారపడకయే, సూర్యకిరణమువలె సూటిగా వచ్చు వేడి యిది. దీనికి ఉష్ణవికిరణ మని పేరు. గొట్టమునుండి తొడుగునకు వచ్చు వేడిలో గొప్పభాగము ఈ మూడవ దారినే వచ్చును.

ఈ కిరణపు వేడికి ఒక స్వభావము గలదు. 1879లో స్టెఫాన్ అను ఆస్ట్రియా పండితుడు దీని సూత్రమును గనుగొనెను. లెక్క వివరము వదలి ఫలము మాత్రము చెప్పెదను. గొట్టము 300 డిగ్రీలనుండి 400 డిగ్రీలకు గాగినచో, మనము వేడి మూడవవంతే పెరిగినదనుకొందుము. కాని దానినుండి వెలువడు కిరణపు వేడి రమారమి ఇబ్బడి యగును. మొగిలి కనుమలో తొడుగు ముడుచుకొనుటకును, చదునైన బాటలో నెలదినములు ఏమియు గాకుండుటకును కారణమిదియే. కనుమలో ఇంజను కష్టపడును. బండి మెల్లగా పోవుటచే చల్లగాలి చొరదు. రెండును గలసి వచ్చును.

ఇప్పుడు ఆ గలగలలాడు రేకు చేయు పని చూతము. పొయ్యికి మూరెడు దూరమున తగరపు రేకు నొకటి నిలువబెట్టి దాని చాటున గూర్చుండుడు. ముఖమునకు హాయిగా నుండును. అదే రేకును పొయ్యినోటికే ఆనించి చూడుడు. కొంతసేపటికి రేకే పొయ్యియై మిమ్ము గాల్చును. రేకు అదే, మందమదే, మారినది సందు. కిరణము రేకుకు దగిలి వెనుకకు మరలును. రేకు కొంచెము కాగినను, దానికి రెండువైపులను ఆడుచున్న గాలి ఆ వేడిని గొనిపోవును. రేకు నిగనిగలాడుచున్నచో మరియు మేలు. మెరుగుపెట్టిన అల్యూమినియము తనపై బడిన వేడికిరణములలో నూటికి తొంబదికి మించి మరల్చును. మసిపట్టినదో, నల్లరంగు పూసినదో యైనచో చాలభాగమును తానే మ్రింగును. ఇక వస్తువునంటి ప్రాకు వేడి సంగతి. మామూలు ఇనుము నిశ్చలమైన గాలికంటె వేయిరెట్లకు మించి వేడిని మోయును. కనుకనే రేకును గొట్టమునకు నేరుగా బిగింపక, నడుమ చిన్న గుబ్బలును, రబ్బరు లేక నారవాషరులును ఉంచి, గొట్టమునంటకుండ నిలుపుదురు. ఆ వాషరు ఎండి రాలిపోయినది గనుకనే మా రేకు మ్రోగెను. రూపాయల వాషరుతో బోవు మ్రోతకు నేను రేకునే వెడలగొట్టితిని.

నా గోనెపట్ట ఏల కాలెననునది ఇప్పుడు మీకే తెలిసియుండును. మసిగుడ్డ క్షణకాలము గిన్నెను దించుటకు బనికివచ్చును గాని, గంటసేపు గిన్నెకు చుట్టియుంచుటకు గాదు. గొట్టమునంటిన పట్ట గొట్టమంత కాగితీరును. దానివెనుక గాలి యాడుటకు దారిలేదు. పైగా ఎండుగోనె.

రేకు వదులగుటకు వాషరు లోపమొక్కటే కారణము గాదు. కాగినప్పుడు లోహము సాగును. గజమునకు కొంచెము మించిన, అనగా ఒక మీటరు పొడవుగల ఇనుపగొట్టము మున్నూరు డిగ్రీలు కాగినచో మూడున్నర మిల్లీమీటర్లు పొడవగును; చల్లారి మరల ముడుచుకొనును. దినమునకు నాలుగుసారులు ఇట్లు సాగి ముడుగుచుండగా స్క్రూలు కదలుట వింతగాదు. అందుచే కొన్ని రేకులకు స్క్రూ దూరు రంధ్రమును గుండ్రముగా గాక కోలగా దొలుతురు. తెలియని పనివాడు ఆ కోలరంధ్రము తప్పనుకొని వాషరులు క్రిక్కిరిసి బిగించినచో రేకు వంకరపోయి గొట్టమును ముట్టుకొనును. బిగువు చాలును, పంతము పనికిరాదు.

పరీక్ష మిక్కిలి సులభము. బండి రాత్రియంతయు చల్లారినమీదట, ఉదయమున గొట్టమునకును రేకునకును నడుమ, పిమ్మట రేకునకును తొడుగునకును నడుమ చిటికెనవ్రేలు జొనిపి చూడవలెను. ఇది శాస్త్రములోని కొలత గాదు, నా కొలత. వ్రేలు దూరనిచోట మట్టి గాని, ఎండుటాకు గాని, పాలిథీను ముక్క గాని చిక్కియుండును. లేదా రేకు వంగియుండును. తొడుగు లోపలివైపున రంగు మారినచోటు, గోధుమవన్నె మచ్చ, వ్రేలితో నొక్కగా చిట్లు పెళుసుదనము కనబడినచో వేడి అక్కడికి వచ్చుచున్నదన్నమాట. బొబ్బలెత్తువరకు ఆగనక్కరలేదు.

మరియొక దోషము రేకుతో తీరదు. గొట్టము ఇంజనును గలియుచోట నొక కట్టు, దానిలో నొక గాస్కెట్టు ఉండును. అది చెడినచో పొగ సందునుండి సూదివలె చిమ్మి తొడుగును ఒకేచోట కాల్చును. కీలునొద్ద నల్లని మసిచార కనబడుటయు, చేయి సడలించినప్పుడు ఫట్ ఫట్మని ప్రేలుటయు దాని గురుతులు. క్రొత్త గాస్కెట్టు వేయింపక తొడుగు మార్చిన ఫలమేమి? 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట బి.ఎస్.6 కట్టడి వచ్చినది. పొగలోని విషములను హరించుటకు గొట్టములో కెటలిటిక్ కన్వర్టరను నొక తేనెపట్టువంటి పేటిక నుంచుచున్నారు. అది పని చేయుటకే 250, 300 డిగ్రీల వేడి గావలెను. పని చేయునప్పుడు మరింత కాగును. త్వరగా కాగవలెనని దానిని తరచు ఇంజనునకు దగ్గరగా నమర్తురు. స్పార్కుప్లగ్గు చెడి పెట్రోలు కాలక బయటికి వచ్చినచో ఆ పేటికలోపలనే కాలి అది ఎర్రబడుటయు గలదు. కనుక బండి తడబడి నడచుచున్నచో, “ఎట్లో పోవుచున్నది గదా” యని ఊరకుండరాదు.

తొడుగునందు ప్రక్కలను చీలికలు, కిటికీలవంటి సందులు ఉండును. అవి అలంకారములు గావు. ఇంజను వేడిగాలి వెడలు గవాక్షములు. మా దేవళమునకు వచ్చు బండ్లలో కొన్నింటికి ఆ సందులమీదనే దేవుని బొమ్మల స్టిక్కర్లంటించి యుండుట చూచితిని. బొమ్మను టాంకీమీద నంటించినచో ఎవరికిని ఇబ్బంది లేదు. పండుగనాళ్లలో వాహనపూజకు వరుస కట్టిన బండ్లు ఇంజనాపక అరగంట నిలుచుటయు మంచిది గాదు. కదలని బండికి గాలి తగులదు. ఆపి నెట్టుకొనిపోవుటయే మేలు. కనుమ లెక్కువారు నడుమ నొకచోట నీడను నిలిపి కొంతసేపు చల్లార్చుట యెద్దులబండి కాలమున మనము చేసినదే.

గొట్టమునకు నారపట్టీ చుట్టుమని కొందరు సలహా యిత్తురు. గాజునారతోను, రాతిని గరగించి తీసిన నారతోను చేసిన పట్టీలు అంగళ్లలో దొరకును. అవి వేడిని గొట్టములోపలనే బంధించును, తొడుగునకు మేలే. కాని వానలో తడిసి తేమను పట్టియుంచుటచే లోపల ఇనుపగొట్టము త్రుప్పుపట్టి చిల్లులు పడును. కన్వర్టరుమీద చుట్టినచో అది మితిమీరి కాగును. దినదినము తిరుగు బండికి నేను దానిని మెచ్చను. ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. పాతయిండ్లలో రాతినార త్రాళ్లు, రాతినార అట్టలు నేటికిని మూలల బడియుండును. కడపజిల్లా పులివెందుల ప్రాంతమున ఒకప్పుడు ఈ రాతినారను త్రవ్వితీసిరి. వేడికి లొంగదు గదా యని దానిని కత్తిరించి బండికి గట్టకుడు. దాని ధూళి ఊపిరితిత్తులలో జేరి ఏండ్లకు పిమ్మట పుట్టకురుపు పుట్టించును. తొడుగు పోయిన క్రొత్తది దొరకును.

అంటించు వెండిరేకు మాత్రము మంచి సాధనము. ఒకవైపు బంక, ఒకవైపు అల్యూమినియపు మెరుగు గల పట్టీ అది. వేడికి ఓర్చు బంకదిగా చూచి కొని, తొడుగు లోపలి ముఖమును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, మెరుగు గొట్టమువైపుండునట్లు అంటింపవలెను. ఇది గార్డురేకునకు తోడేగాని బదులు గాదు. మసిపట్టినప్పుడు తడిగుడ్డతో దుడిచిననే కిరణమును మరల్చును. సందు లేనిచోట దీనివలన లాభము తక్కువ. క్రొత్తసైలెన్సరు వేయించువారు కూడ ఇది గమనింపవలెను. చప్పుడు పెద్దదిగా నుండవలెనని అంగడిలో దొరకిన గొట్టమును బిగింపగా, కంపెనీవారు కొలిచి యుంచిన సందు తప్పిపోవును, రేకు కట్టుటకు చోటుండదు. ఆ చప్పుడును గూర్చి నేను చెప్పనక్కరలేదు. మీ చెవులు చెప్పును.

పూజ సమయమున కొన్ని జాగ్రత్తలు గలవు. దూరమునుండి వచ్చిన బండి గొట్టము గంటలో మూడవవంతు, అరగంట వరకు కాగియే యుండును. అప్పుడే పూలదండ వేసినచో దారము కాలును, జరీరిబ్బను కరగి గొట్టమున కంటుకొనును. అంగడివారు వదలిన పలుచని ప్లాస్టికు పొరలను తీయక, క్రొత్తదనము పోవునని అట్లే యుంచువారు గలరు. గొట్టముదరి పొరనైన ముందుగనే తీసివేయవలెను. కరగి అంటుకొన్న దానిని వేడిమీద గోకరాదు. పూర్తిగా చల్లారినపిమ్మట కొయ్యచెక్కతో మెల్లగా దీయవలెను. వానకు భయపడి ఇల్లు చేరగనే ముసుగు కప్పువారిదియు ఇదే కథ; ముసుగు కరగి తొడుగునకంటి రెంటిని జెరుపును.

గడ్డివామి మాట ముందే యెత్తితిని. ఎండిన చెరకాకుపైనను, వేరుసెనగ కట్టెదరిని, వరిగడ్డిమీదను వేడిబండిని నిలుపుట నిప్పుతో నాటలాడుటయే. ఎండుగడ్డి గొట్టము క్రిందిభాగమునకు ఆనియున్నచో మంట కనబడకయే రాజుకొనును. పొలమునకు బోయినపుడు బండిని వట్టినేలమీద, బాటయొద్దనే నిలుపుమని పిల్లలకు చెప్పుడు. ఒక వామి పోయినచో పశువుల సంవత్సరపు మేత పోవును.

ఇక కాలిన కాలి సంగతి. ఎండలో నిలిచిన సైలెన్సరు చూచుటకు చల్లగానే యుండును. 60 డిగ్రీల నీరు అయిదు సెకండ్లలో చర్మమును లోతుగా గాల్చును. 200 డిగ్రీల లోహము తగిలిన క్షణముననే కాల్చును. మా మనుమరాలికి తగిలినప్పుడు చుట్టును జేరినవారిలో నొకరు పండ్లపొడిముద్ద పూయుమనిరి, ఒకరు సిరా, ఒకరు నెయ్యి. బడిలో చదువుకొన్న యొక చిన్నది మాత్రము బిడ్డను కుళాయిక్రిందికి దీసికొనిపోయి కాలిపై నీరు వదలెను. ఆ పిల్ల చేసినదే సరియైన పని. ఇరువది నిమిషములు ధారగా చల్లని నీరు కాలినచోట బడవలెను. మంచుగడ్డ గాదు, మామూలు నీరు. కడియము, పట్టీలు వెంటనే తీయవలెను, వాపు వచ్చిన పిమ్మట రావు. బొబ్బను చిదుపరాదు. శుభ్రమైన గుడ్డ వదులుగా గప్పి వైద్యునికి జూపవలెను. పిల్లలను ఎప్పుడును ఎడమప్రక్కనే దింపవలెను. మన బండ్లలో గొట్టము తరచు కుడివైపుననే యుండును. ఈ యలవాటొక్కటి చేయించినచో సగము కాలుడు తగ్గును. మా బిడ్డ పిక్కపై మచ్చ యిప్పటికిని రావియాకంత యున్నది.

విద్యుత్తుబండ్లు వచ్చినవి గదా, ఇంకను ఈ పొగగొట్టపు చర్చ యెందుకని అడుగువారు గలరు. నిజమే. మన సత్యవేడు ప్రాంతమున హీరోవారి కర్మాగారమున తయారగు విడా స్కూటరు 2022లో వెలువడినది. దానికి పొగగొట్టమే లేదు. అట్టి బండి వచ్చి పూజకు నిలిచినప్పుడు, ఇంజను చప్పుడు వినబడక, పూజారి అది ఆగినదా నడచుచున్నదా యని అడుగుట నేను వింటిని. కాని ఊళ్లలో నున్న పెట్రోలుబండ్లు ఒక్కనాట పోవునవి గావు. చేతులు మారి, పాతబడి, రేకులూడి, చివరకు వచ్చి చేరునది మన పల్లెలకే.

మా రేకు అటకమీదినుండి దిగినది. మెకానిక్కు దానికి మెరుగుపెట్టి, క్రొత్త వాషరులు వేసి, గొట్టమునంటకుండ నిలిపెను. ఇప్పుడు చప్పుడు లేదు. ముడుచుకొన్న తొడుగంచును మార్పింతునని మనుమడు ధర అడిగివచ్చి, మరల ఆ మాట యెత్తలేదు. అది అట్లే యున్నది. నెలకొక్కసారి సంకటహరచతుర్థినాటి ఉదయమున, బండి చల్లగా నున్నప్పుడు, వాడు స్నానము చేసి వచ్చులోపల నేనే పోయి రేకుక్రింద చిటికెనవ్రేలు పెట్టి చూచుచున్నాను. మొన్నటి చతుర్థికి నొక స్క్రూ వదులైయుండెను.